నౌపడ చిన్నబండికి ఒక నీడ, రెండు కిలోమీటర్ల పట్టా

సంపాదకులు గారికి నమస్కారములు.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో ఊటీ కొండ రైలు గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆ రైలు గురించి రాసేవారు సాధారణంగా కొండలనూ పొగమంచునూ వర్ణించి వదిలేస్తారు. ఈ వ్యాసకర్త ఇంజను దగ్గర కూడా కాసేపు ఆగినందుకు సంతోషించాను. అయితే చివరి పేరాలో, మన తెలుగు ప్రాంతాల్లోనూ స్టేషన్ల ముందు, రైల్వే కార్యాలయాల ముందు పాత ఆవిరి ఇంజన్లను భద్రపరిచారని ఒక మాట అన్నారు. ఆ భద్రపరచడం అన్న మాట మీదే నాకు కొంత చెప్పవలసి ఉంది. నేను స్టీమ్ షెడ్డులో అప్రెంటిసుగా చేరి, డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మా నాన్నగారు నౌపడ–గుణుపురం చిన్నబండి (శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం దాకా, తక్కువ వెడల్పు గల నేరోగేజి పట్టాల మీద నడిచిన రైలు) మీద ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేశారు. అందుచేత ఈ విషయంలో నేను పూర్తిగా నిష్పాక్షికుణ్ణి కానని ముందే ఒప్పుకుంటున్నాను.

నేను చూసిన ఒక ఇంజను సంగతి చెబుతాను. ఏ ఊరో, ఏ కార్యాలయమో రాయను. ఆ ఒక్క చోటును పట్టుకుని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. రెండేళ్ళ కిందట బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళినప్పుడు, దారిలో ఒక రైల్వే కార్యాలయం ఆవరణలో సిమెంటు దిమ్మె మీద నేరోగేజి ఇంజను కనిపించింది. ముహూర్తానికి ఇంకా గంట సమయం ఉంది కదా అని లోపలికి వెళ్ళాను. దూరం నుంచి ముచ్చటగానే ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే కనెక్టింగ్ రాడ్ల మీద, చక్రాల మీద, చివరికి నూనె పోసే గిన్నెల మూతల మీద కూడా వెండి రంగు పూసేశారు. ఆ రంగు కింద తుప్పు పొరలుగా లేచి, గోటితో గీకితే రాలుతోంది. డ్రైవరు నిలబడే చోట ప్రెషర్ గేజి లేదు, నీటి మట్టం చూపించే గాజు గొట్టాలు లేవు, బాయిలరులోకి నీళ్ళు పంపే ఇంజెక్టరు ఉండవలసిన చోట బోల్టు రంధ్రాలు మాత్రం మిగిలాయి. ఇత్తడి, రాగి అన్నవి మచ్చుకైనా లేవు. ముందువైపు స్మోక్‌బాక్సు తలుపు సగం తెరిచి ఉంది. చిమ్నీలోంచి పడిన వాననీరు పాత బూడిదతో కలిసి అక్కడే నిలిచి అడుగు రేకును తినేసింది. ఆ చిల్లులో మొలిచిన రావి మొక్క చిమ్నీ వెలుతురు కేసి సాగుతోంది. చిమ్నీ మీద ఒక రేకు మూత పెట్టి ఉంటే ఇంత జరిగేది కాదు. పక్కన పాలరాతి పలక మీద ఆ ఇంజను ఎక్కడ తయారైందో, ఏ లైను మీద నడిచిందో లేదు గాని, దిమ్మెను ఆవిష్కరించిన అధికారి పేరు, హోదా, తేదీ మాత్రం చక్కగా చెక్కి ఉన్నాయి.

ఆ పలకను చూసి నవ్వుకుని వచ్చేశాను గాని, పెళ్ళి భోజనం మాత్రం సహించలేదు.

ఆవిరి ఇంజను రోజూ మనిషి చెయ్యి తగలవలసిన వస్తువు. పొయ్యి రాజేసిన తరువాత ఆవిరి తయారు కావడానికే గంటలు పడుతుంది. పది పదిహేను రోజులకు ఒకసారి నీళ్ళు దింపేసి బాయిలరును లోపల కడగాలి. లేకపోతే సున్నం పేరుకుని ఇనుము మాడిపోతుంది. పొయ్యి ఉండే ఫైర్‌బాక్సు కప్పు మీద నీరు తగ్గితే కరిగి పొయ్యిలోకి ఆవిరి వదిలే సీసపు ప్లగ్గు ఒకటి ఉంటుంది. అది కరిగిందంటే ఫైర్‌మన్‌కు షెడ్డంతటా తలవంపు. ఫైర్‌బాక్సు గోడకూ బయటి రేకుకూ మధ్య, రెండింటినీ కలిపి పట్టి ఉంచే స్టే బోల్టులు వందల కొద్దీ ఉంటాయి. వాటిలో ఏది విరిగిందో కంటికి కనిపించదు. చిన్న సుత్తితో ఒక్కొక్కదాని మీదా తట్టుకుంటూ పోవాలి. బాగున్న బోల్టు ఖంగుమంటుంది, విరిగినది పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. మా పని పర్యవేక్షించే చార్జ్‌మన్ నాకు మూడు నెలల పాటు ఆ సుత్తి ఇవ్వలేదు. తట్టడం ఆయన పని, వినడం నా పని. నాలుగో నెలలో ఒకరోజు ఆయన తట్టి ముందుకు వెళ్ళిపోతుంటే, వెనకటి దాన్ని మళ్ళీ కొట్టమని అడిగాను. ఆయన మాట్లాడకుండా సుత్తి నా చేతికిచ్చారు. చెవిలో ఉండే ఇటువంటి పనితనాన్ని ఏ దిమ్మె మీదా నిలబెట్టలేము. ఇంజను ఎక్కడో ఒకచోట నడుస్తూ ఉంటేనే అది ఒకరి నుంచి మరొకరికి అందుతుంది.

ఊటీ రైలును నేను మెచ్చుకునేది ఈ కారణం చేతనే. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లోనూ, అక్కడి నుంచి ఉదగమండలం దాకా 1908లోనూ పూర్తయిన ఆ మీటరుగేజి లైను పొడవు 46 కిలోమీటర్లు. బయలుదేరే చోట సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉన్న బండి, 16 సొరంగాలు, 250 వంతెనలు దాటి 2203 మీటర్లకు చేరుతుంది. కల్లార్ దాటిన తరువాత ప్రతి పన్నెండు అడుగులకూ ఒక అడుగు ఎక్కుతుంది. మామూలు చక్రం ఇనుప పట్టా మీద ఆ వాలును పట్టుకోలేదు. అందుకని రెండు పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప కమ్మీలను జంటగా పరిచారు. ఒక కమ్మీ పన్ను ఉన్నచోట రెండోదానిలో సందు వచ్చేలా అమర్చడం వల్ల, ఇంజను కింది పళ్ళచక్రానికి ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టులో ఉంటుంది. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో తయారైన ఎక్స్ తరగతి ఇంజన్లకు నాలుగు సిలిండర్లు. సమతలం మీద రెండే పనిచేస్తాయి. పళ్ళపట్టా మీదికి రాగానే ఆ రెండింటిలో పనిచేసి వచ్చిన ఆవిరి, వృథాగా బయటికి పోకుండా, పైనున్న మరో రెండు సిలిండర్లలోకి వెళ్ళి పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఒకే ఆవిరి చేత రెండుసార్లు పని చేయించుకునే ఆ పొదుపు చూస్తే, దాన్ని గీసిన ఇంజనీరు ఎవరో గాని మన ఇళ్ళలో ఆడవాళ్ళ దగ్గర సంసారం నేర్చుకుని ఉంటాడనిపిస్తుంది.

ఎక్కేటప్పుడు ఇంజను పెట్టెల వెనక ఉండి నెడుతుంది. ముందు దారి డ్రైవరుకు కనిపించదు. అందుకని ప్రతి పెట్టె ముందు వసారాలో ఒక బ్రేక్స్‌మన్ జెండాలు పట్టుకుని నిలబడతాడు; ముందు పెట్టె మీద జెండా ఊగితే వెనక పెట్టె మీద ఊగుతుంది, అలా వరసగా కబురు డ్రైవరుకు చేరుతుంది. పదేళ్ళ కిందట నేను ఆ బండిలో వెళ్ళినప్పుడు, హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు పట్టుకోవడానికి ఆగింది. ప్రయాణికులందరూ టీ కోసం, ఫొటోల కోసం పరిగెత్తారు. ఇరవై ఏళ్ళు దాటని కుర్రవాడు ఒకడు చేతిలో కాటన్ వేస్టు పట్టుకుని ఇంజను కిందికి వంగి, ఒక్కొక్క బేరింగు మీదా అరచేయి ఆనించి వేడి చూస్తున్నాడు. వెనక నిలబడిన పెద్దాయన ఏమీ మాట్లాడటం లేదు. ఆ ఇద్దరినీ చూసిన తరువాత ఊటీలో చూడవలసినది నాకు ఇంకేమీ మిగల్లేదు. మా ఆవిడ మాత్రం బొటానికల్ గార్డెను చూపించే దాకా ఊరుకోలేదు.

ఆ రైలును 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డార్జిలింగ్ రైలుకు ఆ గౌరవం 1999లోనే దక్కింది, కాల్కా–సిమ్లా లైనుకు 2008లో వచ్చింది. గౌరవం సరే. నీలగిరిలో జరిగిన పని అంతకన్నా పెద్దది. స్విస్ ఇంజన్లు ముసలివైపోతే వాటిని దిమ్మెలెక్కించి చేతులు దులుపుకోకుండా, తిరుచ్చిరాపల్లి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో అదే నమూనాలో కొత్త ఇంజన్లు కట్టారు. ముందు ఫర్నేస్ ఆయిలుతో నడిచేవి, 2021లో బొగ్గుతో నడిచేది తయారుచేశారు. ఆవిరి యుగం ముగిసిందని అందరూ అనుకున్న కాలంలో, మన దేశపు కార్మికులు సిలిండర్లు పోతపోసి, బాయిలరు రేకులు వంచి, ఆవిరి ఇంజనును మొదటి బోల్టు నుంచి కట్టగలిగారంటే, దానికి కారణం ఆ లైను మీద ఆ పని ఒక్క తరం కూడా తెగిపోకపోవడమే. బొగ్గు తీసి ఫర్నేస్ ఆయిలు పెట్టినప్పుడు నాకు కష్టం కలిగిన మాట నిజం. అయినా ఎండాకాలంలో ఆ అడవుల్లో ఒక్క నిప్పురవ్వ ఏం చేయగలదో తెలిసినవాణ్ణి కనుక గట్టిగా తప్పు పట్టలేను.

డార్జిలింగులో రెండడుగుల గేజి మీద నడిచే బి తరగతి ఇంజన్లు 1889 నుంచి తయారైనవి. పట్టా జారుడుగా ఉన్నప్పుడు ఇంజను ముందు కూర్చుని గుప్పిళ్ళతో ఇసుక చల్లే మనుషులు అక్కడ ఉద్యోగులు. పాత ఇంజను నడవాలంటే దానితోపాటు ఇటువంటి పాత ఉద్యోగం కూడా బతికి ఉండాలి. బ్రిటన్‌లో వేల్సు ప్రాంతపు తాలిథ్లిన్ అనే చిన్న పలక గనుల రైలు మూతపడబోతే, 1951లో ఔత్సాహికులు దాని నిర్వహణ తామే చేతికి తీసుకున్నారు. స్వచ్ఛందంగా పనిచేసేవారు కాపాడుకున్న రైళ్ళలో ప్రపంచంలో అదే మొదటిది. ఆ లైను కోసం 1860ల్లో కొన్న రెండు ఇంజన్లూ ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి. సెలవు రోజున నూనె మరకల బట్టలు వేసుకుని వచ్చి పట్టాల మధ్య కలుపు పీకే బ్యాంకు ఉద్యోగిని మన దగ్గర ఊహించుకోవడం కొంచెం కష్టమే గాని, గుడి కోనేరు పూడిక తీయడానికి ఊరంతా పార పట్టిన రోజులు మనకూ ఉన్నాయి.

మన దేశంలో ఇంజన్ల సేకరణ అంటే ముందుగా చెప్పవలసినది ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం. దానికి 1971 అక్టోబరులో శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి గారు, 1977 ఫిబ్రవరి 1న అది ప్రారంభమైంది. బరంపురంలో పుట్టిన ఆ తెలుగు పెద్దమనిషి యౌవనంలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపి, 1928లో ఖరగ్‌పూర్ సమ్మెకు నాయకత్వం వహించినవారు. కార్మిక నాయకుడి చేత రైలు మ్యూజియానికి పునాదిరాయి వేయించడం కాకతాళీయమే కావచ్చు గాని నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది. ఆ మ్యూజియంలో 1907 నాటి పాటియాలా మోనోరైలు ఇంజను ఉంది. ఒకే పట్టా మీద నడుస్తూ, పక్కకు ఒరిగిపోకుండా రోడ్డు మీద ఇంకో పెద్ద చక్రం ఆనించుకునే విచిత్రమైన బండి అది. అప్పుడప్పుడు దాన్ని నడిపి చూపిస్తారు కూడా. పిల్లలు ఏనుగు లాంటి ఇంజన్లనన్నింటినీ వదిలేసి దాని చుట్టూ మూగడం నేను చూశాను. కదిలేది అదొక్కటే మరి.

ఆ మ్యూజియం సేకరణలోనిదే ఫెయిరీ క్వీన్. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఆ ఇంజనును 1997లో మళ్ళీ నడిపారు. ప్రపంచంలో క్రమం తప్పకుండా నడుస్తున్న అతి పాత ఆవిరి ఇంజనుగా మరుసటి ఏడాది గిన్నిస్ పుస్తకంలోకి కూడా అది ఎక్కింది. అంతటి ఇంజను కూడా షెడ్డులో ఊరికే నిలిచి ఉన్న కాలంలో, 2011లో, దొంగలు దాని భాగాలు ఊడదీసుకుపోయారు. ఆ తరువాత మళ్ళీ బాగుచేసి నడిపారు గాని, దాని సంగతే అలా ఉంటే మన వీధి మొగల దిమ్మెల మీద ఉన్న ఇంజన్ల గతి ఏమిటో చెప్పనవసరం లేదు. హర్యానాలోని రేవాడీ షెడ్డు దీనికి మంచి విరుగుడు చూపించింది. 1893లో కట్టి, ఆవిరి బళ్ళు ఆగిపోయాక పాడుపడిన ఆ షెడ్డును 2002లో బాగుచేసి, పనిచేసే ఇంజన్లకు నివాసంగా మార్చారు. 1947లో అమెరికా బాల్డ్విన్ కంపెనీ కట్టిన ఆజాద్, ఆ తరువాత మన చిత్తరంజన్‌లో కట్టిన అక్బర్ అనే డబ్ల్యూపీ తరగతి ఇంజన్లు అక్కడివే. బ్రాడ్‌గేజి మీద మామూలు ఆవిరి బళ్ళు 1995తో ముగిశాయి. రేవాడీ లేకపోతే డబ్ల్యూపీ ఇంజను తూటా మొహాన్ని, కదిలేటప్పుడు, ఈ తరం పిల్లలు చూసేవారు కాదు.

ఇక మా నౌపడ లైను. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి గారు తన రాజధానిని మద్రాసు–కలకత్తా దారిలోని నౌపడతో కలపడానికి సుమారు 7 లక్షల రూపాయలతో వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను అది. 1900లో బండి నడిచింది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ కాలంలో ఆ ఊళ్ళోనే ఉపాధ్యాయులు. ఆయన సవర భాష నేర్చుకుంటున్న రోజులవి. (ఆయన ఊరి రైలు గురించి నేను ఇంత గ్రాంథికపు వాసనతో ఉత్తరం రాయడం ఆయనకు నచ్చేది కాదేమో!) తరువాత 1929, 1931 సంవత్సరాల్లో రెండు విడతలుగా లైను గుణుపురం దాకా సాగి, మొత్తం 90 కిలోమీటర్లయింది. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం మన వైపు. పర్లాకిమిడి నుంచి ఆపైన ఇప్పుడు ఒడిశా. ఒక రాజు ఖర్చుతో మొదలై, తెలుగు, ఒడియా, సవర మాట్లాడే మనుషులను ఒకే బల్ల మీద కూర్చోబెట్టిన బండి అది.

నౌపడ అంటే ఉప్పు. ఉప్పుమళ్ళ పక్కనుంచి బయలుదేరిన బండి ఉప్పు బస్తాలను పైకి మోసుకెళ్ళేది. తిరుగు ప్రయాణంలో చింతపండు, కొండచీపుళ్ళు, సంతకు వెళ్ళివచ్చే జనం. టెక్కలి దాటాక గట్టు దగ్గర బండి నెమ్మదించేది. మా నాన్నగారు అప్పుడు చెయ్యి వేరుగా ఆడించేవారు. మామూలుగా పార నిండా బొగ్గు వేసేవారు, అక్కడ మాత్రం సగం సగం వేసి, పొయ్యిలో పలచగా పరిచేవారు. ఎందుకని అడిగితే, ముద్దలు పెద్దవైతే పొయ్యికి కూడా మింగుడుపడదురా అనేవారు. ఇంటికి వచ్చాక మా అమ్మ ఆయన బనియన్లను విడిగా ఉతికేది. బొగ్గు మసి నూతి గట్టు మీద నల్లటి చారికగా ఉండిపోయింది. తరువాత సున్నం వేసినా పూర్తిగా పోలేదు.

ఈ లైను 2004 జూన్‌లో గేజి మార్పు కోసం మూతపడింది. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజి బండి వచ్చింది. ఈ మార్పును నేను తప్పు పట్టడం లేదు. పాతపట్నం వారు విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళాలంటే నౌపడలో దిగి బండి మారవలసిన రోజులు పోవడం మంచిదే. కొండ రైళ్ళకు కొండ ఉంది కనుక అవి అలాగే నిలిచాయి. మైదానంలో ఉన్న మా బండికి ఆ రక్ష లేదు. నా బాధల్లా పెద్ద పట్టా వేసే తొందరలో చిన్న పట్టాను ఆమూలాగ్రం ఎత్తేసి, ఒక్క కిలోమీటరైనా పక్కన ఉంచుకోకపోవడం గురించే. ఇంజన్లలో కొన్ని ప్రదర్శన వస్తువులై మిగిలాయి. టికెట్టు ముద్దర యంత్రాలు, ముందు దారి ఖాళీగా ఉందని డ్రైవరుకు ఇచ్చే టోకెన్ గోళాలు, చేతి దీపాలు, సిగ్నలు మీటలు ఎక్కడెక్కడికి చెదిరిపోయాయో, అందులో తుక్కుగా అమ్ముడైనది ఎంతో, స్టోర్సు పుస్తకాల్లో వెతికితే గాని తేలదు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే అనే కొత్త జోను ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో విశాఖపట్నంలో శంకుస్థాపన జరిగింది. మరుసటి నెలలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సర్దుబాటు ప్రకారం నౌపడ–పర్లాకిమిడి భాగం విశాఖపట్నం డివిజనుకు వస్తుంది. అంటే రాజా గారు మొదట వేయించిన ఇరవై అయిదు మైళ్ళూ కొత్త జోనులోకి వస్తాయన్నమాట. కొత్త జోను కొత్త కార్యాలయం కట్టుకుంటుంది. దాని ముందు అలంకారానికి ఒక పాత ఇంజను కావాలని ఎవరికో ఒకరికి తప్పకుండా తోస్తుంది. ఆ ఆలోచన రాకముందే ఈ మాట వారి చెవిన పడాలని నా కోరిక. నౌపడలో గాని టెక్కలిలో గాని ఒక రేకుల షెడ్డు వేసి, ఆ లైనుకు సంబంధించి మిగిలినవన్నీ ఒడిశా వారితో మాట్లాడుకుని, కొన్నయినా అక్కడికి చేర్చి, రెండు కిలోమీటర్ల చిన్న పట్టా పరిచి, ఒకే ఒక్క ఇంజనును ఆదివారాలు నడిపితే చాలు. మిగతావి నడవకపోయినా ఫరవాలేదు, నీడలో ఉంటే బతుకుతాయి.

షెడ్డుకంటే ముందు జరగవలసిన పని ఒకటి ఉంది, దానికి పెద్దగా ఖర్చు కూడా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో దిమ్మెల మీద, పార్కుల్లో, స్టేషన్ల ముందు ఉన్న ప్రతి ఇంజనుకూ ఒక చిట్టా తయారుచేసి అందరికీ తెలిసేలా ప్రకటించాలి. నంబరు, తయారైన చోటు, సంవత్సరం, నడిచిన లైను, ఏయే భాగాలు పోయాయి, బాయిలరు స్థితి ఏమిటి అన్నవి అందులో ఉండాలి. 1874లోనే సికింద్రాబాదుకు రైలు తెచ్చుకున్న, నిజాం ప్రభుత్వపు సొంత రైల్వేగా పేరు పడ్డ సంస్థ వారసత్వం తెలంగాణకు ఉంది. అక్కడి వస్తువులు కూడా ఒకచోట లెక్కకు రావాలి. చిట్టా ఉంటే ఇత్తడి మీట ఒకటి మాయమైనప్పుడు మాయమైందని కనీసం తెలుస్తుంది. అలాగే తాత్కాలికంగా ప్రతి చిమ్నీకీ ఒక మూత పెట్టి, వెండి రంగు వేయడం మానేసి, రాడ్లకు గ్రీజు పూస్తే, నిర్ణయాలు తీసుకునేవారికి మరో అయిదేళ్ళ గడువు దొరుకుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. ఆవిరి బండి లాభాలు తెచ్చిపెడుతుందని నేను చెప్పను. చెప్పినవారిని నమ్మను కూడా. ఊటీ బండికి సెలవుల్లో సీటు దొరకదు, అయినా ఆ నిర్వహణ ఖర్చు ముందు టికెట్టు సొమ్ము చిన్నదే. కాని మనం ఊరూరా దిమ్మెలు కట్టి, ఆవిష్కరణలు చేసి, ఏడాదికోసారి రంగులు పూసి పెడుతున్న ఖర్చు కూడా ఖర్చే; దాని వల్ల ఇంజను ఒక్క రోజు కూడా ఎక్కువ బతకడం లేదు. పొగ వల్ల కాలుష్యం అంటారు. వారానికి ఒక రోజు రెండు కిలోమీటర్లు నడిచే చిన్న ఇంజను గురించి ఆ మాట అనేవారు, ఆ షెడ్డు ముందు జాతీయ రహదారి మీద వెళ్ళే లారీల వరుసను ఒక్కసారి చూడాలి. భద్రత గురించిన ప్రశ్న మాత్రం నిజమైనది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. బాయిలరు పాతదైతే, దానికి సరైన పరీక్ష జరగకపోతే అది నిజంగానే ప్రమాదం. అందుకే ముందుగా గోల్డెన్ రాక్‌కు గాని, డార్జిలింగ్ ఇంజన్లను బాగుచేసే తిండారియా వర్క్‌షాపుకు గాని నలుగురు కుర్రవాళ్ళను రెండేళ్ళు పంపాలి. వారు తిరిగివచ్చి ఫలానా బాయిలరు పనికిరాదంటే, ఆ మాటకు కట్టుబడి కొత్త బాయిలరు వేయించుకోవాలి. నీలగిరిలో ఏకంగా ఇంజన్లనే కొత్తగా కట్టారు. వారసత్వానికి లోపమేమీ రాలేదు.

మనుషుల విషయంలో ఆలస్యానికి వీలులేదు. చిన్నబండి మీద ఆవిరి కాలంలో పనిచేసినవారిలో ఇప్పుడు మిగిలినవారు డెబ్బై, ఎనభై ఏళ్ళవారు. నౌపడ లోకో షెడ్డులో పని నేర్చుకుని ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉన్నవారు నాకు తెలిసి ముగ్గురు. వారిలో ఒకాయనకు చూపు తగ్గింది గాని, ఏ వంపు దగ్గర, సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటరు ఎంత మూసేవారో, ఏ స్టేషను నూతి నీళ్ళు బాయిలరుకు పడేవి కావో వరసగా చెబుతారు. మా మనవడు తన సెల్‌ఫోనులో ఆయన మాటలు కొన్ని రికార్డు చేశాడు. ఇది ఒక కుర్రవాడు సెలవుల్లో సరదాగా చేయవలసిన పని కాదు; దగ్గరి విశ్వవిద్యాలయపు చరిత్ర విభాగం గాని, రైల్వే శాఖ గాని మనిషిని పంపించి శ్రద్ధగా చేయవలసినది. ఇందులో ఇంజను మాటలు ఉన్నట్టే భాష మాటలు కూడా ఉన్నాయి. ఆ షెడ్డు వాళ్ళు ఇంగ్లీషు పేర్లను తెలుగు, ఒడియా నాలుకలకు తగ్గట్టు మార్చుకున్న తీరు ఏ నిఘంటువులోనూ దొరకదు.

మా స్టీమ్ షెడ్డు మూసిన రోజున చార్జ్‌మన్ గారు సామాను అప్పజెప్పే జాబితాలో ఒక సుత్తిని రాయకుండా వదిలేసి, దాన్ని నా సంచిలో పడేశారు. నిజానికి అది రైల్వే ఆస్తి; ఈ ఉత్తరం ద్వారా ఆ నేరాన్ని ఒప్పుకుంటున్నాను. పిడి రెండుసార్లు మార్చాను, తల పాతదే. నౌపడలో ఆ షెడ్డు వెలిస్తే, దాన్ని తెచ్చి అప్పగించి రసీదు తీసుకుంటాను. సరిగ్గా తట్టడం, వినడం నేర్చుకునే ఓపిక ఉన్న కుర్రవాడు ఎవరైనా ఉంటే, నా ఖర్చుల మీదే వచ్చి మూడు నెలలు పక్కన నిలబడతాను.

ఇట్లు
ఒక విశ్రాంత రైల్వే ఫిట్టరు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా